బాలుఁడు వ్రాసిన బాలగ్రంథము

బాలుర కొఱకు గ్రంథములు వ్రాయువారు ప్రాయికముగఁ బెద్దలే. పంచతంత్రకర్త మొదలు నేఁటివఱకు నీ సంప్రదాయము చెల్లుచున్నది. బాల్యము ననుభవించువానికి వ్రాయు నేర్పుండదు. నేర్పు వచ్చునప్పటికి బాల్యము గతించును. ఈ రెంటి నడుమఁ గల కొలఁదికాలమున, బాల్యమును మఱువకయే లేఖినిని, కుంచెను జేపట్టినవా రరుదుగఁ గలరు. అట్టివారిలో అమెరికా సంయుక్తరాష్ట్రములకుఁ జెందిన జాన్ స్టెప్టో ముఖ్యుఁడు. ఇతఁడు పదునాఱేండ్ల ప్రాయమున మొదలిడిన 'స్టీవీ' యను చిత్రగ్రంథము 1969లో వెలువడి, ఆ దేశపు బాలవాఙ్మయమున నూతనమార్గమును దెఱచెను. ఆ గ్రంథమెట్టిది, దాని భాషనుగూర్చి కలుగఁదగిన శంక యెట్టిది, సమాధానమేమి యను నంశము లిట విచారింపఁబడుచున్నవి.

మొదటఁ బూర్వస్థితి నెఱుఁగవలయును. 1965వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీని 'సాటర్‌డే రివ్యూ' పత్రికలో నాన్సీ లారిక్ అను విదుషి యొక వ్యాసమును బ్రకటించెను. న్యూయార్కు నగరమున నొక శిశుపాఠశాలలో ఐదేండ్ల నల్లజాతి బాలిక బొమ్మల పుస్తకమును జూచి, ఇందలి పిల్లలెప్పుడును దెల్లవారే యగుట కేమి కారణమని యడిగెను. ఆ ప్రశ్నతోనే వ్యాసము మొదలగును. 1962, 1963, 1964 సంవత్సరములలో 63 ప్రకాశనసంస్థలు వెలువరించిన 5,206 బాలగ్రంథములలో నొక్క నల్లజాతి వ్యక్తియైనఁ గానవచ్చునవి 349 మాత్రమే యని తేలెను. అనఁగా నూటి కేడింటికిఁ గొంచెము తక్కువ. సమకాలికులగు నల్లజాతి యమెరికనుల జీవితమును దెలుపునవి నూటికొక్కటియైన లేవు.

ఇది సంఖ్యామాత్రము కాదు. బడికిఁ బోవు బాలునకుఁ బుస్తకము ప్రమాణము. తన వీథియు, తన యిల్లును, తన తల్లి పలుకును నే పుస్తకమందును గానరానిచో, తా నెన్నఁదగినవాఁడు కానని యెవ్వరును జెప్పకయే వాఁడు నేర్చుకొనును. తెల్లబాలుఁడును నష్టపడును, లోకమంతయుఁ దనవంటివారితోనే నిండియున్నదని భ్రమించును. రుడీన్ సిమ్స్ బిషప్ అను పండితురాలు 1990లో గ్రంథములను దర్పణములతోను గవాక్షములతోను బోల్చి యీ యంశమునే స్ఫుటపఱచెను. దర్పణమునఁ దన్నుఁ జూచుకొనుట, గవాక్షమున నితరులఁ జూచుట యను రెండును బాలున కావశ్యకములు.

ఈ లోపమును దీర్పఁ బూనినవారు మునుపు లేకపోలేదు. బ్రూక్లిన్‌లో యూదుల యింటఁ బుట్టిన ఎజ్రా జాక్ కీట్స్ 1962లో 'ది స్నోయీ డే' యను గ్రంథమున మంచులో నాడుకొను నల్లబాలుని నాయకునిగఁ జేసెను. దానికి 1963లో కాల్డికాట్ పతకము లభించెను. ఆ బాలుని జాతి వాక్యములందుఁ జెప్పఁబడలేదు, చిత్రములవలననే తెలియును. ఇది ప్రశంసనీయమే. కాని చిత్రమున బాలుఁడున్నను వాని యింటి పలుకు వాక్యమున లేదు. ఆ కొఱతఁ దీర్చినవాఁడు స్టెప్టో.

స్టెప్టో 1950 సెప్టెంబరు 14వ తేదీని బ్రూక్లిన్‌లో జన్మించి, అందలి బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ పేటలోఁ బెరిగెను. మాన్‌హాటన్‌లోని 'హైస్కూల్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్' అను పాఠశాలలోఁ జిత్రకళ నభ్యసించి, చదువు ముగియుటకుఁ గొన్ని నెలలు మునుపే దానిని విడిచెను. హార్పర్ అండ్ రో సంస్థలో బాలగ్రంథశాఖకు నాయకురాలగు అర్సులా నార్డ్‌స్ట్రోం అతని చిత్రముల నాదరించెను. గ్రంథము 1969లో ముద్రితము కాఁగా, ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని 'లైఫ్' పత్రిక దానిని సమగ్రముగఁ బ్రకటించెను. అప్పటికిఁ గర్తకుఁ బందొమ్మిదేండ్లు నిండలేదు.

ఇతివృత్తము స్వల్పము. రాబర్టు అను బాలుఁడు తానే కథ చెప్పును. పనికిఁ బోవు స్నేహితురాలి కుమారుఁడగు స్టీవీని రాబర్టు తల్లి వారమంతయుఁ దన యింట నుంచుకొన నొప్పుకొనెను. శనివారమున వాని తల్లి వచ్చి తీసికొనిపోవును. తల్లికి నొక్కఁడే బిడ్డయగు రాబర్టున కీ రాక కంటగింపయ్యెను. స్టీవీ వాని యాటవస్తువులను దీయును. పఱుపుపై మురికియడుగులు వేయును. పోయినచోటి కెల్ల వెంటఁబడును. తోడిబాలురు రాబర్టును దాదియని గేలిచేయుదురు. స్టీవీ వాని పేరునైనఁ జక్కఁగఁ బలుకలేఁడు. మొదటి రేఫమును వకారముగఁ బలుకును. రెండును అంతస్థములే కాన శిశువు నోట నీ మార్పు సహజము. రాబర్టునకు మాత్ర మదియు విసుగే. తుద కొకనాఁడు స్టీవీ తలిదండ్రులు వేఱొకచోటికిఁ దరలిపోవుదురు; వాఁడును బోవును. పిమ్మట రాబర్టు, ఇద్దఱుఁ గలిసి యాడిన యాటలను దలఁచుకొనుచు, ఎదుటఁ బాలలోని కార్న్‌ఫ్లేక్సు నాని మెత్తఁబడుటయుఁ జూడక కూర్చుండును. వాఁడు తనకుఁ దమ్మునివంటివాఁడే యని యప్పుడు తోఁచును.

ఇందుఁ బరుల నాదరింపుమను విధివాక్య మెచటను లేదు. తల్లి బోధింపదు, గురువు రాఁడు. మమ్మటుఁడు కావ్యోపదేశమును గాంతాసమ్మితమనెను. ఆజ్ఞాపింపక మనస్సును గరఁగించునదే యుపదేశమని భావము. ఈ చిన్నికథ యా కోవకుఁ జెందినది. మఱియు రాబర్టు, స్టీవీ యిరువురును నల్లజాతివారే. తెల్లవారి మెప్పునకై నల్లబాలుఁడు చేతులు కట్టుకొని నిలువఁబడిన కథ కాదిది. ఇంటికి వచ్చిన పరుని దనవానిఁగఁ జేసికొనుట యను సామాన్యధర్మము నల్లబాలుని యింటఁ జూపఁబడినది. అందుచేతనే యది యెల్లబాలురకుఁ జెల్లినది. చిత్రములును దత్సదృశములే: దట్టమగు నల్లరేఖల నడుమ గాఢవర్ణములు నింపఁబడినవి. విమర్శకులు వానిని ఫ్రెంచి చిత్రకారుఁడగు రువో కృతులతోఁ బోల్చిరి.

ఇఁక భాష. రాబర్టు తన పేట బాలురు పలుకునట్లే కథ చెప్పును. ఇచటఁ బూర్వపక్షము పుట్టును: బాలగ్రంథము భాషాశిక్షకు సాధనము, అందు వ్యాకరణవిరుద్ధ ప్రయోగములు చేరినచో బాలుఁడు సాధుభాష నెట్లు నేర్చును? ఈ శంక యల్పము కాదు. తెలుఁగునాఁట గిడుగు రామమూర్తి పంతులుగారి కాలమునఁ బాఠ్యగ్రంథభాషనుగూర్చి చెలరేఁగిన వాదమున నిదియే ముఖ్యశంక.

సిద్ధాంత మిట్లు చెప్పవచ్చును. ఆ వాడుక నియమరహితము కాదు. స్టీవీ వెలువడిన 1969లోనే విలియం లబావ్ అను భాషాశాస్త్రజ్ఞుఁడు నల్లజాతివారి యింగ్లీషును బరిశీలించి యొక వ్యాసమును బ్రకటించెను. మన 'అస్తి' కి సమానమగు క్రియ యందుఁ దఱుచుగ లోపించును. కాని యీ లోపము యథేచ్ఛము కాదు; శిష్టుల యింగ్లీషున నా క్రియ సంకోచము నొందఁగల తావులందే యిది పొసఁగును; వాక్యాంతమున సంకోచము పొసఁగదు, లోపమును బొసఁగదు. నియమమున్నచోట వ్యాకరణమున్నది. సంస్కృతవైయాకరణున కిది వింత కాదు. 'అస్తి' ప్రయుక్తము కాకున్నను గ్రాహ్యమని కాత్యాయనుఁడు చెప్పియున్నాఁడు. 'వాఁడు నా తమ్ముఁడు' అను తెలుఁగు వాక్యమునను గ్రియ కానరాదు. దాని నెవ్వరు నసాధువనరు.

మహాభాష్యమున నొక యాఖ్యాయిక కలదు. ఒక వైయాకరణుఁడు రథమును జూచి, దీని ప్రవేత యెవఁడని యడిగెను. సారథి తాను ప్రాజితనని బదులు చెప్పెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపింపఁగా, సూత్రప్రాప్తినే కాని యిష్టప్రయోగమును నీ వెఱుఁగవని సారథి యతని నిరుత్తరుని జేసెను. తన రథమును, తన పలుకును నెఱిఁగినవాఁడు సారథి. స్టెప్టోయు నట్టివాఁడే.

సంస్కృతనాటకములందుఁ బ్రాకృతము లేదా యని యొకరు సమర్థింపవచ్చును. కాని భేదమున్నది. అచట నాయకుఁడు సంస్కృతమును, విదూషకాదులు ప్రాకృతమును బలుకుదురు. పలుకుతోడనే తారతమ్యము తెలియును. స్టెప్టో కృతిలోఁ గథ చెప్పువాఁడును నాయకుఁడును ఆ వాడుకవాఁడే. ఇంతమాత్రమున సాధుభాషాశిక్ష వలదని సిద్ధింపదు. తన పలుకునకుఁ దావున్నదని యెఱిఁగిన బాలుఁడు రెండవ పలుకును వెఱవక నేర్చునని మాత్రము చెప్పవచ్చును.

స్టెప్టో యటుపిమ్మట జానపదకథలవైపు మరలెను. 1984 నాఁటి 'ది స్టోరీ ఆఫ్ జంపింగ్ మౌస్', 1987 నాఁటి 'ముఫారోస్ బ్యూటిఫుల్ డాటర్స్' అను గ్రంథములకుఁ గాల్డికాట్ గౌరవము లభించెను. రెండవదాని చిత్రములకు జింబాబ్వేలోని ప్రాచీనశిథిలములు ప్రేరకములు. 1989 ఆగస్టు 28వ తేదీని ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున నెయిడ్స్ వ్యాధిచే మరణించెను. కుమారుఁడు జవాకా స్టెప్టో 2017లోఁ గాల్డికాట్ పతకమును బొందెను. కొరెట్టా స్కాట్ కింగ్ పురస్కారములలో నూతనప్రతిభ కొసఁగునది జాన్ స్టెప్టో పేరిట నేర్పడినది. కీట్స్ పేరిటి సంస్థ న్యూయార్కు ప్రభుత్వపాఠశాలల బాలబాలికలచేతఁ జిత్రగ్రంథములు వ్రాయించు పోటీని నెలకొల్పినది.

లారిక్ వ్యాసమునందలి శిశువు ప్రశ్నకుఁ బెద్దలు లెక్కలు కట్టిరి. బదులు మాత్ర మొక బాలుఁడు వ్రాసెను. ఏ దేశపు టుపాధ్యాయుఁడైనను గ్రహింపఁదగిన దిం దొకటి కలదు. బాలుఁడు తన పలుకున వ్రాసి తెచ్చిన వాక్యమును దిద్దుటకు మునుపు, వాఁ డేమి చెప్పుచున్నాఁడో యొకపరి చదువుట మేలు.