కొత్త కుంటలో జీవుల రాక

తవ్విన కుంటలో వాననీరు నిలిచిన కొన్నాళ్లకే నాచు పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. రెక్కలున్న నీటిపురుగులు ఎగిరొస్తాయి. రుతుపవనాల గాలివాటున దూరప్రయాణం చేసే తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్ పిల్లలు కొద్ది వారాల్లోనే ఎదుగుతాయి. ఎండిపోయే కుంటలకు తగిన తొందరే అది. కప్పలు వానరాత్రుల్లో నడిచే వస్తాయి.

ఎగరలేని, నడవలేని వాటి రాకే అసలు విచిత్రం. చెరువు అంచున తీసిన కప్పెడు బురద నుంచి డార్విన్ 537 మొక్కలు మొలిపించాడు. అలాంటి బురద పక్షుల కాళ్లకంటి విత్తనాలను మోస్తుందన్నాడు. చేపలు ఎక్కువగా వరదతోనో మనుషులు వదిలితేనో చేరతాయి. బాతుల కడుపులోంచి కార్ప్ గుడ్లు బతికి బయటపడగలవని 2020లో ప్రచురితమైన ప్రయోగం చూపింది, బతికినవి వెయ్యికి సుమారు రెండే అయినా. అడుగున ప్లాస్టిక్ పరచిన పంటకుంటల్లో మాత్రం మొక్కలకు వేరూనే చోటుండదు.