ముందు ఆగేది ఊపిరా, గుండెనా? హైదరాబాద్ తీర్పు

నేను మత్తు డాక్టర్ని. క్లోరోఫామ్ అనే మత్తుమందు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్న 19వ శతాబ్దపు తగాదాకు పంచాయితీ జరిగింది మా హైదరాబాదులోనే.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట: నాడి వదిలెయ్యండి, ఊపిరి చూడండి. 1888లో ఈ తగాదా తేల్చడానికి వేసిన తొలి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఆయన మాటే నిజమంది. లండన్ ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. 1889లో నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లిస్తే, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. వందల జంతువులకు మత్తిచ్చి, రక్తపోటు కొలిచి, చివరికి ఆయనా లారీ పక్షమే చేరాడు.

లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ అప్పట్లోనే ఇక్కడ క్లోరోఫామ్ ఇచ్చేది. మత్తు వైద్యంలోకి వచ్చిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. నా వృత్తికి పెద్దమ్మ లాంటిది.

కానీ ఆ హైదరాబాద్ తీర్పు నిలవలేదు. 1911లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో అసలు సంగతి పట్టుకున్నాడు. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో, ముఖ్యంగా అడ్రినలిన్ తోడైతే, గుండె కింది గదులు లయ తప్పి వణికిపోతాయి. రక్తం ముందుకు నెట్టలేవు. ఊపిరి ఇంకా ఆడుతుండగానే ప్రాణం పోవచ్చు.

ఊపిరి చూడమన్న లారీ మాట నేటికీ పాఠమే. నాడి వదిలెయ్యమన్నదే ప్రమాదం. అందుకే నా విద్యార్థులకు రెండూ చూడమంటాను.