మచిలీపట్నం వస్త్రవ్యాపారం – నేతకారుల బేరశక్తి: చారిత్రక పరిశీలన

ప్రవేశిక:
ప్రపంచీకరణ ప్రస్తావన రాగానే 1991 నాటి ఆర్థికసంస్కరణలు గుర్తుకురావడం పరిపాటి. అయితే యూరోపియన్ కంపెనీల రాకతో తెలుగుతీరంలోని నేతపల్లెలు అంతర్జాతీయ వ్యాపారపు లాభనష్టాలను అంతకు దాదాపు నాలుగు శతాబ్దాల పూర్వమే చవిచూశాయి. ఆ వ్యాపారం నేతకారుల సామాజికస్థితిని ఎట్లా మార్చిందో మచిలీపట్నం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పోటీ ఉన్న కాలం:
గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీపట్నం. పారశీక వర్తకులకు అది అప్పటికే పరిచితం. 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వ్యాపారం ప్రారంభించారు. ఆగ్నేయాసియా దీవులలో సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లినవి కోరమాండల్ తీరపు వస్త్రాలే. చిరివేరుతో అద్దిన ఎరుపురంగు వాటికి ప్రత్యేకమైన గిరాకీ తెచ్చింది.

ఈ వ్యాపారానికి మూలం బయానా పద్ధతి. వర్తకుడు ముందుగా ఇచ్చిన పైకంతో నేతకారుడు నూలు కొనేవాడు. గుడ్డ పూర్తయ్యేవరకు కుటుంబాన్ని పోషించుకొనేవాడు. బయానా తిరిగి చెల్లించి ఒప్పందం నుండి తప్పుకొనే వెసులుబాటు దక్షిణభారత నేతకారులకు ఉండేదని ప్రసన్నన్ పార్థసారథి నిరూపించారు. కొనేవారు పలువురు ఉన్నంతకాలం బయానా అండగా నిలిచింది.

2. దూరదేశపు చట్టాలు:
భారతీయ వస్త్రాల ఆదరణ యూరప్‌లోని ఉన్ని, పట్టు నేతకారులను కలవరపరిచింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలువస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు 1700, 1721 చట్టాల ద్వారా తమ దేశంలో వాటి వాడకాన్ని అరికట్టింది. ఇతరదేశాలకు తిరిగి ఎగుమతి చేసుకోవడానికి మాత్రం వీలు కల్పించింది. అక్కడి నేతకారుల మొర ఆలకించడానికి వారి ప్రభుత్వాలు ఉన్నాయి. ఇక్కడి నేతకారులకు ఆ చట్టసభలలో గొంతు లేదు.

3. వర్తకుడే పాలకుడైన కాలం:
1759లో మచిలీపట్నం ఫ్రెంచివారి చేతినుండి ఆంగ్లేయుల వశమైంది. 1766లో నిజాముతో కుదిరిన సంధి ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారాన్ని స్థిరపరిచింది. దానితో కొనుగోలుదారే పాలకుడయ్యాడు. కంపెనీ గుమాస్తాలు మగ్గాలపై నిఘా పెట్టారు, ఇతరులకు నేయనివ్వలేదు, నాసిరకమనే సాకుతో ధర తగ్గించారు. ఒకనాటి బయానా తీరని బకాయిగా మారింది. అర్జీలు పెట్టడం, మగ్గాలు ఆపడం, ఊళ్లు విడిచిపోవడం నేతకారుల ప్రతిఘటన రూపాలయ్యాయి. ఉత్తర కోరమాండల్ నేతకారులపై పి. స్వర్ణలత చేసిన పరిశోధన ఈ నిరసనలను వివరంగా నమోదు చేసింది.

అనంతరం బ్రిటిష్ మిల్లుబట్ట వెల్లువెత్తింది. 1833 చార్టర్ చట్టం కంపెనీ వ్యాపారానికి ముగింపు పలికింది. బేరమాడే హక్కును ముందే కోల్పోయిన నేతకారులకు ఎగుమతి గిరాకీ కూడా కరవైంది. స్థానికుల అవసరాలకు నేసే ముతకబట్టలే అనేక కుటుంబాలను నిలబెట్టాయి.

ముగింపు:
విదేశీవ్యాపారం దానంతట అదే నేతకారులను ఉద్ధరించలేదు, అణచివేయనూలేదు. అమ్మకాన్ని నిరాకరించగల స్వేచ్ఛ ఉన్నప్పుడు అదే విపణి బలాన్నిచ్చింది. ఆ స్వేచ్ఛ పోయినప్పుడు దాస్యాన్ని మిగిల్చింది. నూలునూ పెట్టుబడినీ మాస్టర్ వీవర్ వద్ద తీసుకొని కూలికి నేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కాబట్టి ప్రపంచీకరణ ఫలితాలను అంచనా వేసేటప్పుడు ఎగుమతుల విలువతోపాటు, ఉత్పత్తిదారునికి ‘ఈ ధరకు ఇవ్వను’ అనగల శక్తి ఎంత ఉన్నదో కూడా పరిగణించవలసి ఉంటుంది.