గోవా దబోలిం: దిగ్బంధంలో పుట్టిన విమానాశ్రయం

గోవా విమోచన గురించి రాయమంటే మనలో చాలామంది 1961 డిసెంబర్ 19, ఆపరేషన్ విజయ్, 12వ రాజ్యాంగ సవరణ అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటాం. నేనూ మొదట్లో అంతే రాశాను. ఆ చరిత్రనంతా ఒకేచోట చూపించేది దబోలిం రన్‌వే. గోవా ట్రిప్‌కి వెళ్లినవాళ్లు దాని మీద దిగే ఉంటారు.

దాన్ని కట్టింది మనం కాదు, పోర్చుగల్. 1951లో సలజార్ ప్రభుత్వం వలసలకు 'సముద్రాంతర ప్రావిన్సులు' అని పేరు మార్చి, గోవా తమ దేశంలో భాగమే అని వాదించడం మొదలుపెట్టింది. 1954లో దాద్రా, నగర్ హవేలీ చేజారాయి. 1955 ఆగస్టు 15న గోవాలోకి నడిచివెళ్లిన నిరాయుధ సత్యాగ్రహుల మీద పోర్చుగీసు బలగాలు కాల్పులు జరిపాయి. దాంతో భారత్ రైలు, వాణిజ్య సంబంధాలు తెంచుకుంది. మూడు వైపులా భారత భూభాగం, నాలుగో వైపు సముద్రం. అలాంటి చోట వలస పాలన నిలబడాలంటే ఆకాశమార్గం కావాలి. వాస్కో పట్టణం పక్కన పీఠభూమి మీద దబోలిం వచ్చింది అందుకే. దానికి అప్పటి గవర్నర్ జనరల్ బెనార్డ్ గెదెస్ పేరు పెట్టారు. పోర్చుగీసు ఇండియాకు సొంత విమాన సంస్థ కూడా ఏర్పడింది. దాని విమానాలు డామన్, డయ్యూలతో పాటు కరాచీకి తిరిగేవి. పాకిస్తాన్ తలుపు తెరిచి ఉంచడం దిగ్బంధానికి ఎంత పెద్ద చిల్లో ఇక్కడే అర్థమవుతుంది. ఆర్థిక దిగ్బంధం ఒక్కటే ఎందుకు సరిపోలేదు అని ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

1961 డిసెంబర్ 18 ఉదయం మన వైమానిక దళానికి చెందిన 12 కాన్‌బెర్రా బాంబర్లు ఈ రన్‌వే మీదే బాంబులు వేశాయి. టెర్మినల్ భవనాల జోలికి వెళ్లొద్దని ముందే ఆదేశాలున్నాయి. అక్కడ నిలిపి ఉన్న రెండు పౌర విమానాలకూ ఏమీ కాలేదు. ఆ రాత్రే అవి దెబ్బతిన్న రన్‌వే మీది నుంచే ఎగిరి, కొందరు అధికారుల కుటుంబాలతో కరాచీ చేరాయి. చివరిదాకా పోరాడమని లిస్బన్ ఆదేశించినా, గవర్నర్ జనరల్ వసాలో ఇ సిల్వా మరుసటి సాయంత్రం లొంగిపోయారు.

నా దృష్టిలో అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. 1962లో దబోలిం నౌకాదళం చేతికి వెళ్లింది. కోయంబత్తూరు దగ్గర సూలూరులో ఉన్న ఐఎన్ఎస్ హన్సా 1964లో ఇక్కడికి మారింది. పౌర విమానాలు ఆ స్థావరంలో ఒక మూల, సివిల్ ఎన్‌క్లేవ్‌లో, అద్దెకున్నవాళ్లలా సర్దుకున్నాయి. అప్పుడది ఎవరికీ ఇబ్బంది కాలేదు, ఎందుకంటే వచ్చే ప్రయాణికులే తక్కువ. 1980లలో యూరప్ నుంచి చార్టర్ విమానాలు రావడం మొదలయ్యాక లెక్క మారింది. పనిదినాల్లో ఉదయం గంటలు నౌకాదళ శిక్షణకు పోతాయి, మిగిలిన వేళల్లో రద్దీ. గోవా పర్యాటకాన్ని నౌకాదళం అడ్డుకుందని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పశ్చిమ తీరంలో విమానవాహక నౌకల పైలట్లకు శిక్షణనిచ్చే స్థావరం దేశానికి అవసరం. పక్కన ఇంకో రన్‌వే కట్టకుండా దశాబ్దాలు గడిపింది పౌర ప్రభుత్వాలు.

ఆ రెండో రన్‌వే పేరు మోపా. ఉత్తరాన పెర్నెం తాలూకాలో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో ఉంది. కేంద్రం 2000లో సూత్రప్రాయంగా ఒప్పుకుంటే శంకుస్థాపన 2016లో జరిగింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు పర్యావరణ అనుమతిని నిలిపివేసి, 2020 జనవరిలో మళ్లీ దారి ఇచ్చింది. పర్యావరణ ప్రభావ అంచనా గురించి చదివేవాళ్లు ఈ తీర్పు తప్పక చూడాలి. కట్టింది జీఎంఆర్ సంస్థ. శంషాబాద్ కట్టిన, మన రాజాం మూలాలున్న సంస్థే. 2022 డిసెంబర్‌లో ప్రారంభమై, 2023 జనవరి 5 నుంచి విమానాలు నడుస్తున్నాయి. మనోహర్ పారికర్ పేరు పెట్టారు.

ఇప్పుడు భయం దక్షిణ గోవాది. దబోలింను నమ్ముకున్న టాక్సీవాళ్లు, హోటళ్లు, వాస్కో చుట్టుపక్కల చిన్న వ్యాపారులు మోపా వైపు విమానాలు తరలిపోవడాన్ని కళ్లారా చూస్తున్నారు. దబోలింను మూసేది లేదని ప్రభుత్వం చెబుతూనే ఉంది. 2024లో ఖతార్ ఎయిర్‌వేస్ తన సర్వీసును మోపాకు మార్చుకుంది.