మల్లికార్జునుడా? మల్లిఖార్జునుడా?

2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన కొమురవెల్లి స్వామి పేరును సిద్దిపేటలోని మా బంధువులు తమ పిల్లవానికి పెట్టదలచి, "క" వ్రాయాలా, "ఖ" వ్రాయాలా అని నన్ను అడిగారు. జనన నమోదులో పడిన అక్షరం బడి పత్రాలన్నిటా వెంట వస్తుంది కనుక ఇది చిన్న ప్రశ్న కాదు.

వ్యుత్పత్తి చూస్తే సందేహం లేదు. మల్లికా, అర్జున శబ్దాలు సవర్ణదీర్ఘ సంధితో కలిస్తే మల్లికార్జున. మల్లిక అంటే మల్లె. అర్జున శబ్దానికి తెలుపు అనీ, తెల్లమద్ది అనీ అర్థాలు. ఒత్తుకు ఇందులో చోటు లేదు. పన్నెండవ శతాబ్దపు మల్లికార్జున పండితారాధ్యుణ్ణీ, 1446 నుండి 1465 వరకు విజయనగరాన్ని ఏలిన మల్లికార్జున రాయలనూ చరిత్రకారులు "క"తోనే వ్రాస్తారు.

మరి "ఖ" ఎక్కడిది? అచ్చ తెలుగు మాటల్లో సాధారణంగా ఒత్తక్షరాలుండవు. అందుకేనేమో, ఒత్తి పలికితేనే సంస్కృతమన్న భావన మనలో నాటుకుంది. అదే ఈ పేరుకూ అంటిందని నా ఊహ.

ఇప్పటికే "ఖ"తో స్థిరపడినవారిని దిద్దుకొమ్మనను. అది కన్నవారు పెట్టిన పేరు. కొత్తగా పెట్టేవారికి మాత్రం "క" అనే చెబుతాను. ఇక ఒగ్గు కథకులు పాడేది, జాతరలో జనం పిలిచేది మల్లన్ననే. ఆ పేరుకు ఒత్తుల తగవే లేదు.