తాళంచెవి నుంచి పట్టుకారుకి

1839. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రి. కుర్చీలో ఒక గుర్రబ్బండివాడు కూర్చున్నాడనుకుందాం. ఆస్పత్రి నిజం, డాక్టరు నిజం, జరగబోయేదీ నిజమే. బండివాణ్ణి మాత్రం ఆనాటి రోగులందరి తరఫునా నేనే తెచ్చి కూర్చోబెట్టాను.

కింది దవడ వాచిపోయింది. మూడు రాత్రులుగా కునుకు లేదు. సారా పుక్కిలించి చూశాడు, తలకు గుడ్డ బిగించి చూశాడు. ఇక లాభం లేదని వచ్చాడు. ఎదురుగా నిలబడ్డ హౌస్ సర్జన్‌కి పాతికేళ్ళు కూడా నిండలేదు. పేరు జాన్ టోమ్స్. ఈవ్‌షామ్ అనే చిన్న ఊళ్ళో మందులు నూరి ఇచ్చే వైద్యుడి దగ్గర శిష్యరికం చేసి, ఆ తర్వాత లండన్ చేరి వైద్యం చదివినవాడు. అతని చేతిలో తాళంచెవి ఉంది.

దాన్ని నిజంగానే ‘కీ’ అనేవారు. ఇనుప కడ్డీ, పట్టుకోడానికి అడ్డంగా ఓ పిడి, కొసన గోరులా వంగిన కొక్కెం. కొక్కేన్ని పన్నుకి ఒక పక్క తగిలించి, కడ్డీ కొసనున్న దిమ్మను రెండో పక్క చిగురుకు ఆనించి, తలుపు తాళం తీసినట్టు మెలి తిప్పాలి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి యూరప్‌లో పళ్ళు పీకినవాళ్ళకి ఇదే పెద్ద దిక్కు.

దీని లోపం చూడండి. తాళంచెవి తిరిగేది ఒకే వైపుకి. పన్ను ఏ వైపు ఒరగాలో, ఆ వైపు చిగురు మీదే దిమ్మ ఆనుతుంది. అంటే పన్ను బయటికి రావలసిన దారికే అడ్డంగా కూర్చుని, ఆ దారిలోంచే పన్నును తోస్తుందన్నమాట. చిగురు నలిగిపోతుంది. పన్నును పట్టి ఉంచిన ఎముక గోడ పెళుక్కుమంటుంది. ఒక్కోసారి పైభాగం ఊడొచ్చి వేళ్ళు లోపలే ఉండిపోతాయి. ఒక్కోసారి పక్కపన్ను కూడా కదులుతుంది. దవడ ఎముకే విరిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఇదంతా మెలకువతోనే భరించాలి. మత్తు ఇచ్చి పన్ను పీకడమనేది ఇంకా పుట్టలేదు. అమెరికాలో హొరేస్ వెల్స్ నవ్వించే వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నది 1844 డిసెంబరులో. విలియం మోర్టన్ ఈథర్ ఇచ్చి నొప్పి తెలియకుండా పన్ను తీసింది 1846 సెప్టెంబరులో. మన బండివాడు అన్నేళ్ళు ఆగలేడు. అతని చేతులు ఇద్దరు పట్టుకున్నారు. టోమ్స్ మణికట్టు తిరిగింది.

ఆ తర్వాతి ఘట్టమే నాకు ముఖ్యం. కేక ఆగింది, రక్తం తుడిచారు, రోగి వెళ్ళిపోయాడు, పన్ను పళ్ళెంలో మిగిలింది. చాలామంది దాన్ని పారేసి చేతులు కడుక్కుంటారు. పన్నును చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాడికి మాత్రం కొన్ని సంగతులు కనిపిస్తాయి.

పై ముందుపన్నుకి ఒక్కటే వేరు, ఇంచుమించు గుండ్రంగా, ముల్లంగిలా కొసకు సన్నబడుతుంది. దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పితే వదులవుతుంది. కింది ముందుపన్ను వేరు పక్కలకు నొక్కినట్టు చదునుగా ఉంటుంది. దాన్ని తిప్పితే విరుగుతుంది. కింది దవడపన్నుకి ముందొకటి వెనకొకటి రెండు వేళ్ళు. పై దవడపన్నుకి సాధారణంగా మూడు, చెంప వైపు రెండు, అంగిలి వైపు ఒకటి. ఇన్ని రకాల వేళ్ళనీ ఒకే కొక్కెంతో లాగడమంటే ఇంట్లో ఉన్న తాళాలన్నిటికీ ఒకే చెవి పెట్టి తిప్పడమే.

పట్టుకారులు అంతకు ముందూ ఉన్నాయి. పన్ను మీద సరిగ్గా కూర్చోక జారేవి. గట్టిగా పట్టుకుంటే పైభాగాన్నే నలిపేవి. టోమ్స్ చేసిందేమిటంటే, చిగురు అంచున వేళ్ళు మొదలయ్యే చోట, పంటి మెడ దగ్గర, ఏ పన్ను ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారానికే పట్టుకారు ముక్కుల లోపలి వైపు తొలిపించాడు. తొలిచిన పనివాడు ఎవ్రార్ అనే ఫ్రెంచివాడు, లండన్‌లో శస్త్రవైద్యుల పనిముట్లు చేసేవాడు. డాక్టరు పేరు పుస్తకాల కెక్కింది. ఆకురాయి పట్టిన చెయ్యి పేరు పళ్ళ డాక్టర్లలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

పై దవడపన్ను పట్టుకారు చూస్తే టోమ్స్ బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది. దాని రెండు ముక్కులూ ఒకలా ఉండవు. అంగిలి వైపు ఒకటే వేరు గనుక అటు ముక్కు నున్నగా, దొప్పలా ఉంటుంది. చెంప వైపు రెండు వేళ్ళు గనుక అటు ముక్కు మధ్యలో చిన్న మొన ఉంటుంది, అది సరిగ్గా ఆ రెండు వేళ్ళ సందున దిగుతుంది. అందుకే కుడికొకటి, ఎడమకొకటి, రెండు పట్టుకారులు కావాలి, చెప్పుల జతలాగా. కింది దవడపన్నుకి రెండు వైపులా సందే ఉంటుంది గనుక రెండు ముక్కులకీ మొన ఉంటుంది, రెండు పక్కలకీ ఒకటే చాలు.

1841లో టోమ్స్ ఈ పట్టుకారుల తయారీ, వాడకం గురించి వైద్యపత్రికలో రాశాడు. అప్పటికి ఈథర్ రావడానికి ఇంకా ఐదేళ్ళుంది. నొప్పి తెలియకుండా చేయడం చేతకాని కాలంలో, నొప్పిని తగ్గించే పనంతా ఉక్కు ఆకారానికే అప్పగించాడన్నమాట. ఈథర్ వచ్చాక, 1847లో, అదే ఆస్పత్రిలో స్వయంగా దాన్ని రోగులకు ఇచ్చిన తొలివాళ్ళలో ఒకడయ్యాడు. దంతవైద్యులకు చదువూ, పరీక్షా, చట్టమూ ఉండాలని పోరాడటం, 1886లో ‘సర్’ బిరుదు, అవన్నీ వేరే కథ.

ఈ చరిత్రంతా నాకు ఎక్కించింది మా ఊరి పళ్ళ డాక్టరమ్మ. నా పై కుడి దవడపన్ను పుచ్చి, నింపడానికి కూడా మిగలలేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు తిమ్మిరెక్కేలోపు నా భయం పోగొట్టడానికి పాత సెట్టులోంచి పట్టుకారులు తీసి చూపించింది.

“మీరు గట్టిగా లాగుతారు కదమ్మా?” అన్నాను, మాట తడబడుతుంటే.

“అసలు లాగం సార్. ముందు తొయ్యాలి.”

పన్నుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందం కూడా సరిగా ఉండని నార పొర ఒకటి ఉంటుందట. పన్నును పట్టి ఉంచేది అదే. ముందు సన్నటి బ్లేడున్న లక్సేటర్‌ని ఆ సందులోకి దించి పొరను తెంపుతుంది. దాన్ని గడ్డపారలా మీటకూడదు, బ్లేడు విరుగుతుంది. మీటాలంటే ఎలివేటర్ వేరే ఉంది. తర్వాత పట్టుకారు ముక్కులు చిగురు కిందికి, వేరు వైపు దిగేలా నెడుతుంది. పైభాగాన్ని పట్టుకుంటే అది విరిగి చేతిలోకొస్తుంది. ఆపైన మెల్లగా చెంప వైపుకి ఒత్తి, అక్కడే కాసేపు ఆగుతుంది. పై దవడలో చెంప వైపు ఎముక పలచన, అది కొంచెం కొంచెంగా విచ్చుకుంటుంది. రెండో చేతి వేళ్ళు ఎముకకు దన్నుగా ఉంటాయి. పన్ను వదులైందని ఆ వేళ్ళకే ముందు తెలుస్తుందట.

“తొందరపడితేనే సార్ విరిగేది,” అంది.

చిన్నప్పుడు పాలపన్నుకి దారం కట్టి తలుపుకు ముడేసేవాళ్ళం కదా, అది ఎలా వచ్చేది మరి? దానికీ జవాబుంది. పాలపన్ను వేరు దానంతటదే కరిగిపోతుంది, దారం చేసే పనేమీ లేదు. మా అన్నయ్య ఆ ఘనతంతా తనదేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

“కుడిదీ ఎడమదీ తేడా ఎలా తెలుస్తుందమ్మా?”

“కాలేజీలో మొదటి రోజే నేర్పిస్తారు సార్. బీక్ టు చీక్. మొన ఉన్న ముక్కు చెంప వైపుండాలి.”

ఒకటి నా చేతికిచ్చింది. మొన కుడి చెంప వైపుకి తిప్పి, ధీమాగా పట్టుకుని, “ఇది కుడిది” అన్నాను.

“తలకిందులుగా పట్టుకున్నారు సార్. అది ఎడమది.”

నావంతు పట్టుకారు ట్రేలో ఇంకా సీలు విప్పని కవర్లోనే ఉంది. ఆమె కవరు చింపింది.