మూసలో తెలుగు మాట

చెన్నపురి తెలుగు అచ్చునకు పేరుపొందిన నగరము. 1854లో వావిళ్ల వారి ముద్రణాలయము ఇచ్చట వెలసినది. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయినుండి ఇచ్చటికే తరలివచ్చినది. ఆనాడు సీసపు అక్షరమును మార్చుట కంపోజిటరు పని. చదువరికి అందు జోక్యము లేదు. ఆ హద్దు అంతర్జాలమున చెరిగిన తీరునకు తెలుగు వికీపీడియా నిదర్శనము.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ఆ విజ్ఞానసర్వస్వము మొదలైనది. వ్యాసములు తెలుగున వ్రాయుట ఒక యెత్తు. వాని చుట్టునుండు మీటలు, హెచ్చరికలు తెలుగున నుండుట మరియొక యెత్తు. మీడియావికీ అను సాఫ్టువేరు ఆ మాటలను కోడునుండి వేరుచేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరుపెట్టి భద్రపరచును. కావున యంత్రపు గుట్టు తెలియనివారును మాటను దిద్దగలరు. ఒక్క వికీకే చెందు మార్పును అచటి నిర్వాహకులు చేయుదురు. అందరికిని చెందు అనువాదము ట్రాన్స్‌లేట్‌వికీలో జరుగును. దానిని నెలకొల్పినవాడు ఫిన్లండు దేశీయుడు నిక్లాస్ లాక్స్‌ట్రోమ్. అచట ఎవరును తెలిగింపని మాట ఆంగ్లముననే మిగిలిపోవును.

'టెంప్లేటు'కు మనవారు 'మూస' అనిరి. కంసాలి కొలిమినుండి తెచ్చిన ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది. 'యూజరు' విషయమున మాత్రము తడబడిరి. మొదట 'సభ్యులు', 'సభ్యుడు' అనిరి. వ్రాయునది స్త్రీ యైనచో 'సభ్యుడు' ఎట్లు పొసగును? పిమ్మట లింగభేదము లేని 'వాడుకరి' స్థిరపడినది. పాత పేర్లను త్రోసివేయక మారుపేర్లుగా నిలిపిరి. పాత చిరునామాతో వచ్చినవారును దారి తప్పరు.

అసలు చిక్కు విభక్తులది. మూసవాక్యమున పేరు రావలసినచోట డాలరు గుర్తును, ఒకటి అంకెను వేసి ఖాళీ విడుతురు. యంత్రము అందు పేరు నింపును. ఆంగ్లపు 'టు' విడిగా నిలుచును. మన 'కు' పేరునకు అంటుకొనును.

తమిళనాట మావంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో తెలుగు గంటలు కొద్ది. వ్యాకరణమనగానే పిల్లలు ముఖము చాటువేయుదురు. ఒకనాడు నల్లబల్లపై ఒక ఖాళీ గీసి, ప్రక్కన 'కు' వ్రాసి, పేర్లు నింపుమంటిని. 'గుంటూరుకు' కుదిరినది. 'తిరుపతికు' అనగానే నవ్విరి. 'ఇల్లుకు' వచ్చుసరికి 'ఇంటికి' అని తరగతియంతయు అరచినది. ఔపవిభక్తికము పేరు వారికింకను తెలియదు, పని తెలిసినది. యంత్రమునకు ఆ పనియు తెలియదు.

అనువాదకులకు ఒక ఉపాయము కలదు. ఖాళీ తరువాత 'అను పుటకు' అని చేర్చినచో, విభక్తి మనమెరిగిన మాటకే అంటును. 'ఇల్లు అను పుటకు': కొంచెము పొడుగే, కాని తప్పు కాదు. దీనిని బల్లపై వ్రాయగా ఒక బాలిక లేచి, "ఊరైతే 'అను ఊరికి' అనవలెనా అండీ?" అని యడిగినది.